నీళ్లోసుకోనివాళ్ల చరిత్ర

తెలుగునాట ఆడమనిషికి నెల తప్పితే 'నీళ్లోసుకుంది' అంటారు. ఎక్కడైనా ఉన్న మాటే. కానీ ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడుతుందో లేదో తెలియని అనంతపురం మెట్టనేల మీద ఆ మాట ఇంకో తీరుగా వినబడుతుంది. ఈ కరువు గురించి ఎంతో రాసినారు. వేరుశనగ గురించి, వలసల గురించి, రైతుల చావుల గురించి రాసినారు. నీళ్లోసుకోవాలని ఏళ్ల తరబడి ఎదురుచూసి, కడుపులో ఉన్న జబ్బుతో అది జరగక, 'గొడ్రాలు' అనిపించుకున్న మాలమాదిగ ఆడవాళ్ల గురించి మాత్రం మాకు దొరికిన జిల్లా చరిత్రల్లో ఒక్క పేజీ లేదు.

మా పెద్దమ్మ అట్లాంటి మనిషే. ఆమె ఊరూ పేరూ ఇక్కడ అనవసరం. పద్నాలుగేళ్లకు పెళ్లి. పదహారేళ్లకు ఇంట్లోనే కాన్పు, బిడ్డ దక్కలేదు. ఆ వెనక పది దినాలు జ్వరం, పొత్తికడుపులో నొప్పి. మళ్లా నెల తప్పలేదు. ఐదేండ్లు చూసి పెదనాయన రెండో ఆమెను తెచ్చుకున్నాడు. ఆమెకూ పిల్లలు కాలేదు. ఊరు ఇద్దరినీ గొడ్రాళ్లే అన్నది, పెదనాయనను ఎవరూ ఏమీ అనలేదు. పడుచు వయసులో ఆయనకు 'సెగ' తగిలిన సంగతి, ఆర్.ఎం.పి. దగ్గర సూదులు వేయించుకున్న సంగతి మాకు చాలా ఆలస్యంగా, వేరే మాటల మధ్యలో తెలిసింది. సూది మగవానికి వేసినారు. ఇంట్లో ఉన్న ఆడమనిషికి కూడా వేయాలని ఎవరికీ తోచలేదు.

ఈ జబ్బులకు మన భాషలో పేర్లు లేక కాదు. తెల్లబట్ట, కుసుమ, సెగ, సవాయి, అడ్డగర్రలు - ప్రతిదానికీ పేరుంది. అన్నింటినీ కలిపి పెద్దమనుషులు పెట్టిన పేరు 'సుఖరోగాలు'. సుఖం ఎవరిది, రోగం ఎవరిది అని ఆ మాట పుట్టించినవాళ్లను అడగాలనిపిస్తుంది. ఎందుకంటే జననమార్గానికి వచ్చే అంటురోగాలన్నీ మగవాని నుంచి వచ్చేవి కావు. ఒంట్లో ఎప్పుడూ ఉండే సూక్ష్మజీవుల సమతూకం తప్పి వచ్చేవి కొన్ని. కాన్పులో, గర్భస్రావంలో, లూపు వేసేటప్పుడు, ఆపరేషన్ చేసేటప్పుడు శుభ్రంగా లేని చేతుల నుంచి, పనిముట్ల నుంచి వచ్చేవి కొన్ని. గనేరియా, క్లమీడియా, సవాయి వంటివి మొగుని నుంచి వచ్చేవి. గనేరియా మగవానిలో మంటగా, చీముగా బయటపడుతుంది. ఆడదానిలో చాలాసార్లు చప్పుడు లేకుండా ఉండి, గర్భసంచి దాటి పైకి పోయి గర్భనాళాలను మూసేయవచ్చు. సవాయి ఉంటే కడుపు నిలబడకపోవచ్చు, నిలబడినా బిడ్డ చచ్చి పుట్టవచ్చు. క్షయ కూడా రక్తంలోంచి గర్భనాళాలకు చేరుతుంది. వాడలో ఎవరికి క్షయ ఉందో అందరికీ తెలుసు. అది కడుపు పండనియ్యకుండా చేస్తుందని మాత్రం తెలియదు.

మరి ప్రభుత్వం ఈ జబ్బులను ఎప్పుడు పట్టించుకుంది? మేము చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. పట్టించుకోలేదనడం సరికాదు. చాలాసార్లు పట్టించుకుంది. ప్రతిసారీ ఇంకెవరి కోసమో పట్టించుకుంది.

మొదటిసారి సిపాయి కోసం. 1882 దాకా అనంతపురం బళ్లారి జిల్లాలో భాగం. బళ్లారి కంటోన్మెంటులో 'లాక్ హాస్పిటల్' ఉండేది. పేరులోనే తాళం ఉంది. తెల్ల సిపాయిలకు సుఖరోగాలు అంటకుండా చూడడం దాని పని. 1868 నాటి కాంటేజియస్ డిసీజెస్ చట్టం కింద వేశ్యలని అనుకున్న ఆడవాళ్లను నమోదు చేసి, గడువు ప్రకారం పరీక్షించి, జబ్బు ఉంటే నయమయ్యేదాకా లోపల పెట్టేవాళ్లు. 1888లో ఆ చట్టం రద్దయింది. మద్రాసు ప్రెసిడెన్సీలోని ఈ ఆసుపత్రుల గురించి ఏటేటా నివేదికలు రాసినారు. ఎందరు సిపాయిలు పడకెక్కినారు, ఎందరు ఆడవాళ్లు రిజిస్టరులో ఉన్నారు అన్న లెక్కలు వాటిలో ఉంటాయి. ఆ ఆడవాళ్లకు తర్వాత కడుపులు నిలిచినాయా అన్నది ఎవరి లెక్కా కాదు.

అదే కాలంలో బళ్లారి, అనంతపురం సీమల్లో బసివి ఆచారం ఉంది. మగబిడ్డ లేని మాదిగ, బోయ ఇండ్లలో ఒక ఆడపిల్లను దేవుని పేరు మీద విడిచేవాళ్లు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో వచ్చిన తన సంపుటాల్లో దీన్ని వర్ణించినాడు. బసివికి తండ్రి ఆస్తిలో పాలు ఉంటుంది, ఆమె బిడ్డలు పుట్టింటి వంశాన్ని నిలబెడతారు అన్న ముచ్చట పరిశోధకులకు బాగా నచ్చింది. కొంతమంది దీన్ని స్త్రీ స్వేచ్ఛ అన్నారు కూడా. మేము అంత దూరం పోలేము. వంశం నిలబెట్టడానికే విడిచిన మనిషికి జబ్బుతో కడుపు రాకపోతే ఆమె గతి ఏమిటని ఆ వర్ణనలు అడగవు. జబ్బు ఇచ్చినవాళ్లలో ఊరి పెద్దకులాల మగవాళ్లు కూడా ఉంటారు. పేరు మాత్రం ఆమెకు, ఆమె కులానికి మిగులుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని నిషేధించే చట్టం 1988లో వచ్చింది.

రెండోసారి దేశ జనాభా కోసం. ఇది మా అమ్మల కాలం, అందుకే కొంచెం ఎక్కువ చెప్పాలి. 1965లో లూపు వచ్చింది. రక్తస్రావం, నొప్పులు, చీము అని ఆడవాళ్లు చెప్పుకుంటే పుకార్లు అన్నారు. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలో, దేశంలో 82 లక్షలకు పైగా సంతాన నిరోధక ఆపరేషన్లు చేసినారు. అందులో సుమారు నాలుగింట మూడు వంతులు మగవాళ్లవి. మగవాళ్లు కోపమొచ్చి ఓట్లతో ప్రభుత్వాన్ని దించినాక కత్తి ఆడవాళ్ల వైపు తిరిగింది. అప్పటి నుంచి మన రాష్ట్రంలో కుటుంబ నియంత్రణ అంటే ఆడవాళ్ల ఆపరేషనే అయిపోయింది, అదీ ఇరవై, ఇరవై రెండేండ్లకే. డి.పి.ఎల్. క్యాంపు అంటే ఊర్లలో ఇప్పటికీ గుర్తు. బడిలో బల్లలు జరిపి, వరసగా పడుకోబెట్టి చేసేవాళ్లు. పొత్తికడుపులో చీము ఉంటే ముందు దాన్ని నయం చేసి తర్వాత ఆపరేషన్ చేయాలని నియమం. టార్గెట్ నిండాల్సిన మార్చి నెలలో ఆ నియమానికి తీరిక ఎక్కడిది? చాలామంది దళిత స్త్రీలకు ఒక డాక్టరు తమ కడుపు వైపు చూసిన మొదటి రోజూ చివరి రోజూ అదే. క్యాంపులు ఆపమని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2016 వచ్చింది, అదీ 2014లో బిలాస్‌పూర్‌లో పదిమందికి పైగా ఆడవాళ్లు చచ్చిపోయినాక.

ఆ రోజుల నుంచి నర్సమ్మ చేతిలో ఉండే పెద్ద పుస్తకం అర్హులైన దంపతుల రిజిస్టరు. వయసెంత, బతికున్న పిల్లలెందరు, ఏ పద్ధతి వాడుతున్నారు అని అందులో రాస్తారు. పిల్లలు ఇద్దరు దాటితే నర్సమ్మ ఆ ఇంటికి పదిసార్లు వస్తుంది. పిల్లలు సున్నా అయితే ఆ గడప ఎక్కాల్సిన పని లేదు. కడుపుతో ఉన్నామె పేరు వేరే పుస్తకానికి ఎక్కుతుంది, అప్పుడు వి.డి.ఆర్.ఎల్. పరీక్ష ఉంది, ధనుర్వాతం సూది ఉంది. అంటే గర్భం వస్తేనే ఆమె వైద్యం దాకా వస్తుంది. గర్భాన్నే రానివ్వని జబ్బు ఉన్న మనిషి ఆ పుస్తకం దాకా ఎట్లా వస్తుంది? మా పెద్దమ్మ ఏ పుస్తకంలోకీ రాలేదు.

ఈ నిశ్శబ్దాన్ని లెక్కలతో పగలగొట్టింది మనకు పక్కనే, గోదావరి అవతల ఉన్న గడ్చిరోలిలో. అక్కడ రాణీ బంగ్, అభయ్ బంగ్‌లు రెండు ఊర్లలో 650 మంది స్త్రీలను పరీక్షించి 1989 జనవరిలో లాన్సెట్ పత్రికలో అచ్చు వేసినారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీరోగం ఉంది. సగటున ఒక్కొక్కరికి 3.6 జబ్బులు. అంతకు ముందు ఎప్పుడైనా పరీక్ష జరిగినవాళ్లు నూటికి 8 మంది. 1994లో కైరో సదస్సులో పునరుత్పత్తి ఆరోగ్యం అన్న మాట స్థిరపడడానికి ఇట్లాంటి ఊర్ల లెక్కలు కూడా కారణం. 1996లో ఢిల్లీ టార్గెట్లు తీసేసింది, 1997లో ఆర్.సి.హెచ్. పథకం వచ్చింది. అదే 1997లో మన రాష్ట్రం జనాభా తగ్గించే లక్ష్యాలతో సొంత జనాభా విధానం ప్రకటించుకుంది. క్యాంపులు నిలవలేదు.

మూడోసారి ఎయిడ్స్ భయం కోసం. 1992 తర్వాత డబ్బులు వచ్చినాయి, సుఖరోగాల క్లినిక్కులు వచ్చినాయి, రంగురంగుల మందుల పొట్లాలు వచ్చినాయి. తెల్లబట్టకు బూడిద రంగుది, పచ్చది. వీటితో మేలు జరగలేదని అనము. జిల్లాలో 1969 నుంచి దళిత వాడల్లో పనిచేస్తున్న ఆర్.డి.టి. సంస్థ 2000లో బత్తలపల్లిలో పెట్టిన ఆసుపత్రి వేలమంది హెచ్.ఐ.వి. రోగులకు నీడ అయింది. కానీ లక్షణం చూసి పొట్లం ఇచ్చే పద్ధతిలో, లక్షణమే లేని క్లమీడియా దొరకదు. తెల్లబట్ట ఉన్నంత మాత్రాన గర్భసంచి ముఖద్వారంలో జబ్బు ఉన్నట్టూ కాదు. పైగా ఆ క్లినిక్ మెట్లెక్కితే ఊర్లో ఏమనుకుంటారో అన్న భయం. పిల్లల కోసం వచ్చిన ఇల్లాలు అక్కడ కూర్చోవడానికి జంకుతుంది. మొగుణ్ణి తోడుకొని రమ్మంటే ఆయన బెంగుళూరులో కాంక్రీటు పనిలో ఉంటాడు.

ఈ మధ్యలో వచ్చిపోయే ఇంకొక ఉపన్యాసం శుభ్రత. ముట్టుబట్ట ఉతికి ఎండలో ఆరెయ్యండి, రోజూ స్నానం చెయ్యండి అని గోడల మీద రాసినారు. బావిలో చేద వేసే హక్కు లేక, పెద్దకులపామె పోసేదాకా కడవ పట్టుకొని నిలబడిన వాడల చరిత్రకు ఆ గోడ మీద చోటు లేదు. 1990ల నడుమ సత్యసాయి నీళ్ల పథకం సుమారు ఏడు వందల ఊర్లకు చేరింది. అది తాగే నీళ్లకు చాలా పెద్ద ఆసరా. స్నానానికి, బట్టలకు నీళ్లే కాదు, మరుగు కూడా కావాలి. ఒక గది ఇంట్లో, దడి కూడా లేని చోట, ఆడది చీకటి పడ్డాక పోసుకునే రెండు చెంబులే స్నానం. ముట్టుబట్టను నలుగురు చూసే ఎండలో ఆరేసే ధైర్యం యాడుంది? శుభ్రత లేదనే మాట వెనక మాదిగది మురికిది అన్న పాత మాటే ఉందని మా అనుమానం.

ఆ తర్వాతి ఏండ్లలో ప్రశ్న కొంచెం తిరిగింది. మేడ్చల్ మండలంలో 2009 నుంచి, గర్భం రాకముందు గానీ, గర్భం తొలి నెలల్లో గానీ స్త్రీలను చేర్చుకొని వాళ్ల ఆరోగ్యాన్ని వెంబడించిన ఒక అధ్యయనం జరిగింది, వెయ్యిమందికి పైగా చేరినారు. బిడ్డ కావాలనుకునే మనిషిని బిడ్డకంటే ముందు చూడడం మంచి మొదలు. కానీ అనంతపురంలో అదే కాలంలో జరిగింది వేరు. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదట మొదలైన మూడు జిల్లాల్లో మాది ఒకటి. కార్డు ఉంటే పెద్ద ఆసుపత్రి తలుపు తెరుచుకుంది, గుండె జబ్బుల బిడ్డలు బతికినారు. ఆ కార్డుల కాలంలోనే రాష్ట్రంలో గర్భసంచులు తీసేయడం పెరిగిందని గోల లేచింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశంలో నూటికి 3.2 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది. అవసరం లేని ఇట్లాంటి ఆపరేషన్లను అదుపు చెయ్యమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. పది రూపాయల మాత్రతో పోయే తెల్లబట్టకు కూడా సంచి తీసేసినారని వాడలో ఎవరిని అడిగినా చెప్తారు.

పెద్దమ్మకు తీసేసింది 2008లో, ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో. ముప్పై ఎనిమిదేండ్లు. తెల్లబట్ట, నడుం నొప్పి అని పోయింది. క్యాన్సరు అవుతుందని భయపెట్టినారు. "అది ఉండీ నాకేం పెట్టింది పాపా, తీసేస్తే తీసెయ్యమన్నా" అంది మాతో.

ఈ వ్యాసం కోసం అడిగితే ట్రంకుపెట్టెలోంచి, రేషన్ కార్డు మడతలోంచి డిశ్చార్జి కార్డు తీసి ఇచ్చింది. చదివి చెప్పమంది. ఆమె జబ్బు గురించి ఏ ఆఫీసైనా, ఏ ఆసుపత్రైనా రాసిన కాగితం అదొక్కటే. పిల్లలు అన్న చోట 'లేరు' అని ఉంది. ఎందుకు లేరన్నది అడిగే గడి ఆ కార్డులో లేదు. కింద డాక్టరు సంతకం, పదో రోజు కుట్లు విప్పించుకోవాలని ఒక వాక్యం. అది కూడా చదివి చెప్పినాము. "అప్పుడే ఇప్పించుకున్నా" అని కార్డు తీసుకొని మళ్లా మడిచి పెట్టుకుంది.