టార్చిలైటు పట్టుకున్నవాళ్ళు

యెజ్డీకి కిక్ రాడ్డు, గేరు రాడ్డు వేర్వేరుగా ఉండవు. ఎడమవైపు ఉన్న ఒకే రాడ్డుని పైకి తిప్పి కిక్ కొట్టాలి. బండి స్టార్టయ్యాక దాన్నే లోపలికి నొక్కి ముందుకు తిప్పితే గేరు రాడ్డు అయిపోతుంది. ఈ సంగతి నాకు పదేళ్ళప్పటి నుంచీ తెలుసు. నా కాలితో నేను చేసి చూసింది మాత్రం ముప్పై నాలుగో ఏట.

మా నాయన అనంతపురంలో స్కూల్ టీచరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనది 1984 రోడ్‌కింగ్. ఆదివారం పొద్దున లుంగీ ఎగ్గట్టి బండి ముందు కూర్చుంటే, టార్చిలైటు పట్టుకోవడం, స్పానర్లు అందించడం నా పని. ఏ నట్టుకి ఏ నంబరు స్పానరో అడగకుండానే తెలిసేది. తమ్ముడికి ఇదంతా విసుగు. అయినా వాడికి పదిహేనేళ్ళు రాగానే నాయన వాణ్ణి గ్రౌండుకి తీసుకెళ్ళి బండి తోలడం నేర్పించాడు. మరి నాకు అంటే, "నీకెందుకు మా, పడితే దెబ్బలు తగుల్తాయి" అన్నాడు. వాడు పడ్డాడు, దెబ్బలూ తగిలాయి. అది వేరే విషయం.

ఆ రోజుల్లో మన రోడ్ల మీద తిరిగిన పేరున్న మోటారుసైకిళ్ళన్నీ ఎక్కడో పుట్టి ఇక్కడ పెరిగినవే. ఇంగ్లండు బుల్లెట్ 1955లో మద్రాసు చేరింది. పోలండు బండి ఎస్కార్ట్స్ వాళ్ళ చేతిలో రాజ్‌దూత్ అయింది. చెకోస్లొవేకియా జావా మైసూరు వచ్చింది. జావా అన్న పేరుకి ఇండొనేషియా దీవితో సంబంధం లేదు. ఫ్రాంటిషెక్ యానెచెక్ అనే ఆయుధాల తయారీదారు 1929లో వాండరర్ అనే జర్మన్ కంపెనీ మోటారుసైకిల్ తయారీ హక్కులు కొన్నాడు. రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిపితే జావా. ఇక్కడ దిగుమతులు కష్టమైన కాలంలో ఇరానీ కుటుంబం మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ పెట్టింది. 1961లో బళ్ళు బయటికొచ్చాయి. 1973 నుంచి వాటి పేరు యెజ్డీ. రోడ్‌కింగ్ 1978లో వచ్చింది.

లైసెన్స్ రాజ్ గురించి మా తరం రెండే రకాలుగా మాట్లాడుతుంది. ఒకటి వెక్కిరింత, రెండోది 'ఆ రోజులే వేరు' అనే నిట్టూర్పు. ఈ రెంటిలోనూ పట్టనిది ఒకటుంది. ఆ బండి తన యజమానిని సగం మెకానిక్‌గా మార్చేది. టూ స్ట్రోక్ ఇంజిన్ కాబట్టి పెట్రోల్లో ఆయిల్ కలపాలి. మా నాయన లెక్క లీటరుకి నలభై మిల్లీలీటర్లు. ఒక్క సిలిండరుకి రెండు సైలెన్సర్లు, ఆ రెంటిలోనూ మసి పేరుకుంటుంది. విప్పి గోకాలి. కాంటాక్ట్ పాయింట్ల మధ్య సందు సరిచూడాలి. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. పెట్రోలు పోయించు, మూత పెట్టు, మరిచిపో అన్నదే దాని ప్రచారం. ఫోర్ స్ట్రోక్, మైలేజీ ఎక్కువ. జనం హాయిగా మరిచిపోయారు. మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది.

పోయినేడు నాయన బండిని పాత ఇనుము కింద అమ్మేస్తానంటే వద్దన్నాను. ఆర్నెల్లపాటు ప్రతి శనివారం బెంగళూరు నుంచి వెళ్ళాను. కావల్సిన సామాన్ల కోసం తిరిగింది ఎక్కువగా జేసీ రోడ్డులో. ఆ రోడ్డుకి పేరిచ్చిన జయచామరాజేంద్ర ఒడయరే మైసూరు ఫ్యాక్టరీని ప్రారంభించాడని తర్వాత తెలిసి నవ్వొచ్చింది. సిలిండరు బోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేశాం. సైలెన్సర్ల లోపలి గొట్టాలు కాస్టిక్ సోడాలో నానబెట్టాం. పాయింట్ల దగ్గరికి వచ్చేసరికి నాయన చేతులు వణికాయి. ఫీలర్ గేజ్ నా చేతికిచ్చి, టార్చిలైటు తను పట్టుకున్నాడు.

అప్పుడు గడప దగ్గర నిలబడి అమ్మ అంది: "నీకంటే ముందు టార్చి పట్టింది నేనే. నువ్వు పుట్టేదాకా నా పనే అది." ట్యాంకు కింద పెట్రోలు ట్యాపుకి ఉండే జల్లెడ ఎక్కడ మూసుకుపోతుందో కూడా చెప్పింది. అక్కడే మూసుకుపోయి ఉంది.

నేను ఆగిపోయాను. మా ఆల్బమ్‌లో ఈ బండి ఫోటోలు నాలుగున్నాయి. మూడింట్లో అమ్మ వెనక పక్కకి తిరిగి కూర్చుని ఉంటుంది. జులై రెండో ఆదివారం జావా, యెజ్డీ అభిమానులంతా బళ్ళు తీసుకుని కలుస్తారు. అక్కడ నేను విన్నవన్నీ తండ్రి బండిని కొడుకు బతికించిన కథలే. ఆ కథలు అబద్ధాలని అనను. కానీ తమ్ముడికి ఏ స్పానరూ తెలియదు, బండి తోలడం మాత్రం తెలుసు. అమ్మకీ నాకూ బండి లోపలంతా తెలుసు, తోలడమే తెలియదు. ఒక యంత్రం చరిత్ర రాసేటప్పుడు హ్యాండిల్ పట్టుకున్నవాళ్ళ పేర్లే రాస్తే, ఆ విద్యని ఇంట్లో నిలబెట్టిన చేతులు సగం లెక్కలోకే రావు.

పోయిన నెల ఊరి బయట ఖాళీ వెంచర్‌లో తోలడం మొదలుపెట్టాను. కిక్ వెనక్కి తన్ని మడమ వాచింది. క్లచ్ వదిలిన ప్రతిసారీ ఇంజిన్ ఆగిపోయింది. "మెల్లిగా వదులు మా, మెల్లిగా" అని నాయన దూరం నుంచి అరుస్తూనే ఉన్నాడు. రెండో గేర్లో మలుపు తిరుగుతూ కంకర మీద జారి పడ్డాను. మోచెయ్యి గీసుకుపోయింది. ఆయన పరిగెత్తుకొస్తాడనుకున్నాను. ఇరవై ఏళ్ళ కిందట ఆయన భయపడిన సంగతి ఇదే కదా.

ఆయన నిలబడ్డచోటే నిలబడి అరిచాడు: "పెట్రోలు కారుతాంది, ముందు ట్యాపు మూయి!"

ముందు ట్యాపు మూశాను. తర్వాతే చెయ్యి చూసుకున్నాను.