బెంగళూరు తిండి వీధికి రత్నగిరి దారి

మా మండలం పిల్లలు ఉద్యోగాలకని బెంగళూరు పోతే మొదట అడిగేది ఒకటే: ఏ పక్క ఇల్లు చూసుకుంటే కాస్త జనం సందడి ఉంటుంది, మన నోటికి పట్టే తిండి దొరుకుతుంది? నా జవాబు ఎప్పుడూ మారలేదు. లాల్‌బాగ్ చుట్టుపక్కల చూసుకోండి. మావళ్లి, వి.వి. పురం, బసవనగుడి. ఈ మాట అన్నప్పుడల్లా "రొళ్లలో కూర్చుని బెంగళూరు పేటల సంగతి నీకెందుకయ్యా" అని నవ్వేవాళ్లున్నారు. కానీ ఆ పేటల నుంచి మా రొళ్ల మండలం రత్నగిరికి రావలసిన పాత బాకీ ఒకటి ఉంది. అది తేల్చడానికే ఇది రాస్తున్నాను.

కొల్లాపురమ్మ దర్శనానికి పోయినవాళ్లందరూ రత్నగిరి కొండ చూసినవాళ్లే. కోట గోడల రాళ్లు ఒక్కొక్కటే కిందికి దొర్లుతున్నాయి. గుప్తనిధులని తవ్వి వదిలేసిన గుంతల్లో ముళ్లకంప మొలిచింది. ఆ గుంతలు తవ్వినవాళ్లకు తెలియని నిధి లూయిస్ రైస్ రాసిన మైసూరు గెజిటీరులో ఉంది. కర్ణాటకలోని సిరా కోటకూ ఊరికీ పునాది వేసింది రత్నగిరి నాయకుడు రంగప్ప నాయకుడని ఆయన రాశాడు. రాసి ఊరుకోక "అని చెబుతారు" అని తోక తగిలించాడు. మాకు చేటు చేసింది ఆ తోకే.

కోట పూర్తికాకముందే 1638లో బిజాపూరు సేనాని రణదుల్లా ఖాన్ సిరాను పట్టుకున్నాడు. మరాఠా చరిత్రలు రాసినవాళ్లు ఈ దండయాత్రలోనే ఒక ముక్క చెబుతారు: సంధి మాటలకని వచ్చిన సిరా రాజు కస్తూరి రంగను అఫ్జల్ ఖాన్ చంపించాడని. 1659లో శివాజీ చేతిలో చచ్చిన అఫ్జల్ ఖానే ఇతను. శివాజీ కథ చెప్పేవాళ్లకు అఫ్జల్ ఖాన్ దగాకోరు అని చూపించడానికి ఈ ముక్క పనికొచ్చింది. చచ్చినవాడు ఏ ఊరివాడో వాళ్లకు అక్కర్లేకపోయింది.

చిత్రదుర్గం అభిమానులు మాత్రం కస్తూరి రంగప్ప అనగానే మావాడే అంటారు. ఆ పేరుతో వాళ్లకొక నాయకుడు ఉన్న మాట నిజమే. కానీ ఆయన 1652 దాకా ఏలాడని వాళ్ల వంశావళే చెబుతోంది. 1638 దండయాత్రలో పోయినవాడు 1652 దాకా ఎలా ఏలతాడు? అదే కోట, అదే కాలం, అదే పేరు. సిరాకు పునాది వేసిన రంగప్ప, సిరాలో ప్రాణం పోగొట్టుకున్న రంగ ఒక్కరేననీ, ఆయన మా కొండవాడేననీ నా వాదన.

ఇంత పెద్ద సంగతి ఎందుకు మరుగున పడిందంటే సరిహద్దు గీతల వల్ల కూడా. 1800లో దత్తమండలాలు కంపెనీకి పోయినప్పుడు రత్నగిరి మద్రాసు లెక్కల్లోకి, సిరా మైసూరు లెక్కల్లోకి పోయాయి. మైసూరు గెజిటీరుకు రత్నగిరి పరాయి ఊరు, అనంతపురం గెజిటీరుకు సిరా పరాయి ఊరు. ఈనాటికీ ఇళ్లలో కన్నడం, ఆఫీసుల్లో తెలుగు మాట్లాడే మా రొళ్ల సంగతి కూడా అంతే.

ఇక బాకీ సంగతి. 1687లో మొగలులు సిరాను సుబాకు రాజధాని చేశారు. నవాబు దిలావర్ ఖాన్ కాలానికి అక్కడ 50,000 ఇళ్లుండేవని చెబుతారు. అతని ఖాన్ బాగ్ తోటను చూసే హైదర్ అలీ లాల్‌బాగ్ వేయించాడన్నది సిరా వైపు వాడుకలో ఉన్న మాట. బెంగళూరు పండితులు దీన్ని ఒప్పుకోరు. లాల్‌బాగ్ మొదలైంది 1760లో, సిరా హైదర్ చేతికొచ్చింది 1761లో, చూడనిదాన్ని చూసి ఎలా కడతాడు అంటారు. హైదర్ తండ్రి ఫతే మహమ్మద్ సిరా నవాబు కొలువులో పనిచేసి, ఆ కొలువు గొడవల్లోనే యుద్ధంలో చచ్చాడన్నది వీళ్లు మరిచిపోతారు. సిరా గొప్పలు వినకుండా ఆ ఇంట్లో పిల్లలు పెరిగారా? అదీగాక ఒక్క ఏడాదిలో ఏ తోటా తయారు కాదు. లాల్‌బాగ్ టిప్పు కాలం దాకా పెరుగుతూనే వచ్చింది.

ఆ టిప్పే సిరా నుంచి 12,000 కుటుంబాలను శ్రీరంగపట్నం పక్కన గంజాంకు తరలించాడని రైస్ రాశాడు. అంటే కొత్త పేటకు కళ తేవడానికి పాత ఊరి మనుషులనే ఎత్తుకుపోయారు. పేట అంటే గోడలు కావు, మనుషులేనని ఆ సుల్తానుకు బాగా తెలుసు. ఖాళీ ప్లాట్లకు పేర్లు పెట్టి అమ్మేవాళ్లకే ఇంకా తెలియలేదు.

లాల్‌బాగ్ పక్కన తిండి అంతా మా పుణ్యమేనని నేననను. 1924లో మొదలైన ఎం.టి.ఆర్. ఉడుపి వైపు నుంచి వచ్చిన అన్నదమ్ములది. యుద్ధకాలంలో బియ్యం కరువైతే రవ్వ ఇడ్లీ పుట్టించిన ఘనతా వాళ్లదే. గాంధీ బజారులో విద్యార్థి భవన్ దోసె 1943 నుంచి ఉంది, దాని జోలికీ పోను. కానీ వి.వి. పురం తిండి బీదిలో సాయంత్రం నిలబడి చూడండి. అరటాకు మీద పూర్ణం ఉండను వేళ్లతో తట్టి, ఆకుతో సహా పెనం మీద బోర్లించి, ఆకు ఒలిచేసి నెయ్యి చిలకరిస్తారు. మన ఉగాది ఓళిగే అది. చలికాలం వస్తే అనపగింజలు దోసెలోకి, ఉప్మాలోకి ఎక్కుతాయి. కార్తీకం చివరి సోమవారం బసవనగుడి నంది గుడి ముందు శెనక్కాయల పరస జరుగుతుంది. వానకు మొహం వాచిన మన చేలల్లో పండేదీ ఆ కాయే. గోనెపట్టాల మీద కాయలు గుట్టలు పోసుకుని కూర్చున్నవాళ్లను పలకరిస్తే కన్నడం, తెలుగు, తమిళం మూడూ వినిపిస్తాయి. రొళ్లవాడికి పరాయితనం తోచని చోటు అది.

కాబట్టి పిల్లలకు చెప్పేదేమంటే, ఇంటికి అడ్వాన్సు ఇచ్చే ముందు రాత్రి ఎనిమిదింటికి ఆ ఇంటి వీధిలో ఒకసారి నడవండి. జనం నిలబడి తింటూ మాట్లాడుకుంటుంటే అది పేట, ధైర్యంగా దిగండి. డెలివరీ బండ్లు తప్ప అలికిడి లేకపోతే వెనక్కి తిరగండి. పెద్దలను అడిగేది వేరు. సిరాకు పునాది వేసినవాడు ఇక్కడివాడని రత్నగిరి కొండ కింద తెలుగులో, కన్నడంలో ఒక రాతిపలక పెట్టించండి. సిరావాళ్లకు అభ్యంతరం ఉంటే ఆధారాలతో రాయమనండి. జవాబు చెప్పడానికి నేను సిద్ధం.