రజియా సుల్తాన్

రజియా (పాలన: 1236–1240) ఢిల్లీ సుల్తానత్‌ను స్వయంగా ఏలిన ఏకైక మహిళ. తండ్రి సుల్తాన్ ఇల్‌టుట్‌మిష్. సోదరుడు రుక్నుద్దీన్ ఫిరోజ్ అసమర్థ పాలనతో విసిగిన ఢిల్లీ ప్రజల అండతో ఆమె గద్దెనెక్కింది. పరదా వదిలి, పురుష వేషంలో ఏనుగెక్కి జనంలోకి వచ్చింది.

అబిసీనియా జాతీయుడైన యాకూత్‌ను అశ్వశాలాధిపతిగా నియమించడం తుర్కు సర్దారులకు కంటగింపైంది. అలాంటి పదవులు తమ సొత్తని వారి ధీమా. 1240లో వారు యాకూత్‌ను చంపి, రజియాను భటిండాలో బంధించారు. అక్కడి పాలకుడు అల్తూనియాను పెళ్లాడి ఆమె ఢిల్లీపైకి సేన నడిపింది. ఓడి, కైథల్ ప్రాంతంలో హతమైంది.

యాకూత్‌తో ప్రేమ వ్యవహారమే ఆమెను ముంచిందన్న కథ నేటికీ ప్రచారంలో ఉంది. 1983 నాటి హిందీ చిత్రం 'రజియా సుల్తాన్' కూడా ఆ కథనే చూపింది. కానీ సమకాలిక చరిత్రకారుడు మిన్హాజ్ ఆ మాటే ఎత్తలేదు. రాజుకు కావలసిన గుణాలన్నీ ఉన్నా స్త్రీగా పుట్టడంతో అవి అక్కరకు రాలేదని వాపోయాడు. రజియా గుర్రమెక్కేటప్పుడు యాకూత్ చేయి అందించేవాడంటూ అనుమానం రేపింది 1350లో రాసిన చరిత్రకారుడు ఇసామీ. శతాబ్దం తర్వాతి పుకారును పట్టుకుని పాలకురాలిని తూచడం అన్యాయం. ఆమెను కూల్చింది సర్దారుల అధికార దాహమే.