బాలల స్థూలకాయం: ఇబ్నె సీనా హెచ్చరిక, నేటి పరిశోధన

చందుర్తి, వేములవాడ, సిరిసిల్ల ప్రాంతాలు 1948 దాకా నిజాం రాజ్యంలో ఉండేవి. జొన్న, మక్క పండే మెట్ట నేలలు, చేనేత మగ్గాలు, బీడీల చాటలు – సామాన్యుల బ్రతుకు వీటి చుట్టూనే తిరిగేది. కరువు ఎరిగిన ఇండ్లలో బిడ్డ బొద్దుగా ఉంటే అది బర్కత్‌గా భావించబడేది. నజర్ తగలకుండా తల్లులు జాగ్రత్త పడేవారు. ఆకలి కాలంలో ఈ భావన సహజమే. కాని అతిస్థూలత విషయంలో పూర్వ వైద్యుల అభిప్రాయం ఇందుకు భిన్నమైనది.

గ్రీకు వైద్యుడు బుఖ్రాత్ పేరిట ప్రచారంలో ఉన్న సూత్రాలలో, స్వభావసిద్ధంగా మిక్కిలి లావైనవారు సన్ననివారికంటె ముందుగా మరణించే అవకాశం ఉన్నదని చెప్పబడింది. 9వ శతాబ్దంలో బాగ్దాదులో అబ్బాసీ ఖలీఫాల ఆదరణ పొందిన క్రైస్తవ పండితుడు హునైన్ ఇబ్నె ఇస్‌హాఖ్ ఈ సూత్రాలను అరబీలోకి అనువదించాడు. ఆ విధంగా గ్రీకుల అనుభవం ముస్లిం వైద్యులకు సంక్రమించింది.

ఇబ్నె సీనా (980–1037) తన ‘అల్ ఖానూన్ ఫిత్తిబ్’ నాలుగవ గ్రంథంలో అతిస్థూలతను ప్రత్యేకంగా చర్చించాడు. అది శరీరానికి సంకెల వంటిదనీ, రక్తనాళాలను నొక్కి ఇరుకు చేస్తుందనీ, ఆకస్మిక మరణానికి దారితీయవచ్చుననీ ఆయన భావం. చిన్ననాటి నుండే లావుగా ఉన్నవారికి ఈ ముప్పు మరింత ఎక్కువని ఆయన విశేషంగా పేర్కొన్నాడు. కడుపును అన్నానికి, నీటికి, శ్వాసకు మూడు పాళ్ళుగా విభజించుకోవాలన్న దైవప్రవక్త ముహమ్మద్ (స) ఉపదేశం ముస్లిం సమాజానికి సుపరిచితమే.

అయితే కొవ్వు హాని ఎలా చేస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం ఇటీవలనే లభించింది. కొవ్వును కేవలం నిల్వ పదార్థంగానే శాస్త్రజ్ఞులు చాలాకాలం తలచారు. 1993లో టర్కీకి చెందిన గోఖాన్ హోతామిష్లిగిల్, అమెరికాలో తన సహచరులతో కలసి, స్థూలకాయపు ఎలుకల కొవ్వులో శోథను రేపే ఒక పదార్థం తయారవుతున్నదని, అది ఇన్సులిన్ పనికి అడ్డుపడుతున్నదని నిరూపించాడు. కొవ్వు కణాలు ఉబ్బినప్పుడు రక్తంలోని రక్షక కణాలు అక్కడికి చేరి తిష్ఠవేస్తాయని 2003లో వెల్లడైంది. గాయమైతే వచ్చే వాపు మానగానే పోతుంది. ఇది అలా పోదు. జ్వరం లేదు, నొప్పి లేదు. ఏండ్ల తరబడి సన్నని సెగలా కొనసాగి రక్తనాళాలను దెబ్బతీస్తుంది, మధుమేహానికి దారితీస్తుంది.

ఈ సెగ పెద్దలకే పరిమితం కాదు. అమెరికాలో 8 నుండి 16 ఏండ్ల వయసు గల 3,500 మందికి పైగా బాలబాలికలను పరిశీలించి 2001లో ప్రచురించిన అధ్యయనంలో, అధిక బరువు గలవారి రక్తంలో శోథకు గుర్తయిన ప్రొటీన్ హెచ్చుగా కనిపించింది.

వీటన్నిటినీ ఇబ్నె సీనా ముందే కనుగొన్నాడని చెప్పడం అతిశయోక్తి. ఆయన వివరణకు ఆధారం నాటి ధాతు సిద్ధాంతం. కాని రోగిని నిశితంగా గమనించి చేసిన ఆయన హెచ్చరిక మాత్రం వ్యర్థం కాలేదు.

భారతదేశంలో పోషకాహార పరిశోధన చరిత్ర ఆకలితో మొదలైంది. 1918లో కూనూరులో ఒక్క గదిలో ఆరంభమై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పరిశోధనాలయమే నేటి జాతీయ పోషకాహార సంస్థ. లోపపోషణ వ్యాధులపై అది విశేషంగా కృషి చేసింది. ఆకలి ఇంకా తొలగిపోలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం తెలంగాణలో ఐదేండ్లలోపు పిల్లలలో ఎదుగుదల గిడసబారినవారు 2015–16లో 28.1 శాతం కాగా, 2019–21 నాటికి 33.1 శాతం అయ్యారు. అదే కాలంలో దేశవ్యాప్తంగా ఆ వయసులో అధిక బరువు గలవారు 2.1 నుండి 3.4 శాతానికి పెరిగారు.

ఈ రెండు కీడులకు సంబంధం ఉన్నది. పూనా వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, ఆయన సహచరులు అక్కడి గ్రామీణ శిశువులను ఇంగ్లాండు శిశువులతో పోల్చి 2003లో ఫలితాలు ప్రకటించారు. మన శిశువుల సగటు బరువు సుమారు 2.7 కిలోలు, అక్కడివారిది 3.5 కిలోలు. అయినా మనవారిలో తగ్గింది ప్రధానంగా కండ. కొవ్వు అంతగా తగ్గలేదు. తల్లి ఆకలి బిడ్డ దేహంపై ముద్ర వేస్తుందన్నమాట. అటువంటి బిడ్డను త్వరగా లావెక్కించడం మేలు కాదు.

సిరిసిల్ల పరిసరాలకు ఈ మాట ముఖ్యంగా వర్తిస్తుంది. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. 1970ల నుండి గల్ఫు సంపాదన ఇండ్లకు చేరసాగింది. జొన్నరొట్టె స్థానంలో తెల్లన్నం, తీపి పానీయాలు, నూనెలో వేయించిన పొట్లాల తిండి ప్రవేశించాయి. దూరదేశంలోని తండ్రి తన ప్రేమను డబ్బు రూపంలో పంపుతాడు. ఆ డబ్బు పిల్లల చేతిలో చిరుతిండిగా మారకుండా చూడడం ఇంటివారి బాధ్యత.

మార్గం కష్టమైనది కాదు. గర్భవతికి చాలినంత పౌష్టికాహారం అందాలి. పిల్లల బరువుతోపాటు ఎత్తును కూడా కొలవాలి. పప్పు, కూరగాయలు, జొన్న తిరిగి పళ్ళెంలోకి రావాలి. బాలురతో సమానంగా బాలికలకు కూడా ఆటపాటలు ఉండాలి. బరువు అదుపులోకి వస్తే ఈ శోథ తగ్గుముఖం పడుతుందని పరిశోధనలు తెలుపుతున్నాయి. ఇక లావుగా ఉన్న బిడ్డను హేళన చేయడం వైద్యమూ కాదు, ఇస్లామీ సభ్యతా కాదు. సంతానం అల్లాహ్ అప్పగించిన అమానత్. ఆ అమానత్‌ను ఆకలి నుండి కాపాడినట్లే అతి నుండి కూడా కాపాడవలసి ఉన్నది.