సాల పూయని దీవిలో రాంచీవాళ్ల పండుగలు

పాడేరు, అరకు కొండల్లో మామిడి కొత్త జరగనిదే కొత్త మామిడికాయ నోట పెట్టరు. ఛోటా నాగ్‌పూర్ పీఠభూమిలోని ఉరావ్, ముండా, ఖరియా జనానిదీ అదే కట్టుబాటు. చైత్రంలో సాలచెట్టు పూస్తుంది. ఊరి పూజారి పాహన్ ‘సర్నా’ అనే దేవతల తోపులో ఆ పూలతో పూజ చేశాకే కొత్త పండు ఇంట్లోకి వస్తుంది. అదే సర్హుల్.

1918లో ఈ జనంలో కొందరు అండమాన్‌కు ఓడెక్కారు. అటవీశాఖకు చెట్లు కొట్టే కూలీలు కావాలి, వీళ్లకు బతుకుదెరువు కావాలి. రాంచీలోని క్యాథలిక్ సంస్థ ద్వారా కూలీల ఎంపిక సాగింది. అందుకే దీవుల్లో వాళ్లకు రాంచీవాళ్లన్న పేరు స్థిరపడింది. వాళ్లు దిగిన అడవిలో గర్జన్, పడౌక్ ఉన్నాయి. సాల లేదు.

పూత చూసి జరుపుకునే పండుగకు ఇది చిన్న దెబ్బ కాదు. వీళ్ల మరో పండుగ, భాద్రపద శుద్ధ ఏకాదశినాటి కరమకు మాత్రం తిథి ఉంది, ఆట ఉంది. పెళ్లికాని ఆడపిల్లలు ముందుగానే బుట్టల్లో ఇసుక పోసి బార్లీ గింజలు మొలకెత్తిస్తారు. ఆ రోజు ఉపవాసం. యువకులు అడవి నుంచి కరమ చెట్టు కొమ్మ తెచ్చి ఊరి నడుమ ‘అఖ్రా’ అనే ఆటస్థలంలో నాటుతారు. కర్మ, ధర్మ అనే అన్నదమ్ముల కథ వింటారు. మాందర్ అనే డోలు మోతకు చేయీ చేయీ పట్టుకుని తెల్లవార్లూ ఆడి, మర్నాడు కొమ్మను నీళ్లలో కలుపుతారు. ఇంత చేసేది నలుగురూ కలిసే కాబట్టే కరమ ఊరు విడిచాక కూడా నిలిచిందని నా నమ్మకం.

వచ్చినవాళ్లలో చాలామంది క్రైస్తవులు. తొలినాటి మిషనరీలు ఈ ఆటపాటల్ని అనుమానంగానే చూశారు. క్యాథలిక్ చర్చి రెండో వాటికన్ మహాసభ (1962–65) తర్వాత ఆ పట్టు సడలింది. కరమ ఆట, మాందర్ దరువు చర్చి ఆవరణలోకి వచ్చాయి.

దీవుల్లో స్థిరపడ్డ తూర్పు బెంగాల్ శరణార్థుల పొలాలకు అడవి కొట్టిందీ, రోడ్లకు రాళ్లు మోసిందీ రాంచీవాళ్ల చేతులే. రాంచీవాళ్లలో చాలామందికి మాత్రం సొంత పట్టా భూమి దక్కలేదు. జార్ఖండ్‌లో ఉరావ్, ముండా, ఖరియా షెడ్యూల్డ్ తెగలు. అండమాన్ నికోబార్ జాబితాలో వాళ్ల పేర్లు లేవు. నూరేళ్లు దాటినా తమ పండుగను పోగొట్టుకోని జనాన్ని గిరిజనులుగా గుర్తించకపోవడం అన్యాయం. ఆ జాబితాను సవరించాలి.