పెరటి మట్టి చెప్పిన మాట

బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, బొంతపల్లి. సంగారెడ్డి జిల్లాలోని ఈ పారిశ్రామిక వాడల్లో తయారయ్యే మూల ఔషధాలు ఎన్నో దేశాల మందుబిళ్లల్లోకి చేరుతున్నాయి. నేటి కేన్సర్ మందుల్లో కొన్నింటి మూలాలు వెతికితే మాత్రం ప్రయోగశాల కంటే ముందు మట్టిలోనో, సముద్రపు బురదలోనో బతికే బాక్టీరియా కనిపిస్తుంది. అణువును తయారు చేయడం ఒక విద్య. అది కణానికి ఏం చెబుతుందో చదవడం మరో విద్య. ఈ వాడలున్న పటాన్‌చెరు ప్రాంతం మొదటి విద్యలో ఆరితేరింది. రెండోది ఇక్కడ వేళ్లూనుకోకపోవడానికి కారణం తెలివి తక్కువ కావడం కాదు, చరిత్ర నడిచిన దారి అది. ఔషధ శాస్త్రం సముద్ర బాక్టీరియా వైపు తిరిగిన ఈ కాలంలో ఆ లోటును పూడ్చుకోవాలన్నదే ఈ వ్యాసం వాదన.

ఈ కథలో రెండు దారాలు ఒకే తెలుగువాడి చేతి మీదుగా సాగాయి. యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించారు. 1929లో కండరంలో ఏటీపీని గుర్తించారు. తరవాత లెడర్లీ సంస్థలో పరిశోధనలకు సారథ్యం వహించారు. ఆయన కన్నుమూసిన 1948లోనే, ఆయన విభాగంలో బెంజమిన్ డగ్గర్ మట్టి బాక్టీరియా నుంచి తీసిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ లోకానికి తెలిసింది. అప్పట్లో ఏటీపీ అంటే శక్తి, బాక్టీరియా అణువు అంటే క్రిములను చంపే ఆయుధం. ఈ రెంటికీ సంబంధం ఉందని ఎవరూ అనుకోలేదు. కైనేజ్ అనే ఎంజైములు ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేటును తీసి మరో ప్రోటీనుకు తగిలిస్తాయని, కణంలో కబుర్లు చాలావరకు అలాగే నడుస్తాయని క్రమంగా తేలింది. 1977లో జపాన్‌లో సతోషి ఒమురా బృందం మట్టి బాక్టీరియా నుంచి స్టారోస్పోరిన్‌ను వేరుచేసింది. అది కైనేజ్‌లో ఏటీపీ కూర్చోవలసిన చోటే కూర్చుని కబురును ఆపేస్తుందని 1986 నుంచి బయటపడింది. దాని నుంచి రూపొందిన మిడోస్టారిన్‌కు ఒక రకం రక్త కేన్సర్ చికిత్సకు 2017లో అమెరికాలో అనుమతి వచ్చింది. సాలినిస్పోరా అరెనికోలా అనే సముద్ర బాక్టీరియా కూడా స్టారోస్పోరిన్ కుటుంబానికి చెందిన అణువులను తయారు చేస్తుంది. సుబ్బారావు చేతిలో విడివిడిగా ఉన్న రెండు దారాలు ఇక్కడ ముడిపడ్డాయి.

ఇంతకంటే మన గడపకు దగ్గరి ఉదాహరణ ఎపాక్సోమైసిన్. నాటి ఆంధ్రప్రదేశ్‌లో సేకరించిన మట్టి నమూనాలోని ఒక బాక్టీరియా నుంచి బ్రిస్టల్-మైయర్స్ స్క్విబ్ శాస్త్రవేత్తలు దాన్ని వేరుచేసి 1992లో ప్రకటించారు. మందుగా పనికిరాదని పక్కన పెట్టేశారు. యేల్ విశ్వవిద్యాలయంలో క్రెయిగ్ క్రూస్ బృందం మాత్రం అది కణంలో దేన్ని పట్టుకుంటోందని అడిగింది. 1999లో జవాబు దొరికింది: ప్రోటియాజోమ్. పనైపోయిన ప్రోటీన్లను తునకలు చేసే కణ యంత్రమది. కణంలో ఎన్ఎఫ్-కప్పా-బీ అనే ప్రోటీనును మరో ప్రోటీను కట్టేసి ఉంచుతుంది. బయటి నుంచి సంకేతం రాగానే ప్రోటియాజోమ్ ఆ కట్టును నమిలేస్తుంది. విడుదలైన ఎన్ఎఫ్-కప్పా-బీ కేంద్రకంలోకి వెళ్లి ‘బతుకు, పెరుగు’ అన్న జన్యువులను మేల్కొలుపుతుంది. ఎముక మజ్జలో పుట్టే మైలోమా కేన్సర్ కణాలు ఈ సంకేతం మీద బాగా ఆధారపడతాయి. యంత్రం ఆగితే కట్టు తెగదు, పాడైన ప్రోటీన్లు పేరుకుపోతాయి, కణం చస్తుంది. ఎపాక్సోమైసిన్ నమూనాగా మలిచిన కార్‌ఫిల్జోమిబ్‌కు 2012లో అమెరికాలో అనుమతి లభించింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నది మన సామెత. మన పెరటి మట్టి పనికొచ్చింది, దాని మాటను చదివిన కళ్లు మాత్రం వేరే చోట ఉన్నాయి.

సముద్రం ఇదే పాఠాన్ని మరింత సూక్ష్మంగా చెప్పింది. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో విలియం ఫెనికల్, పాల్ జెన్సెన్ బృందం సముద్రపు అడుగు బురదలోని సాలినిస్పోరా ట్రోపికా నుంచి సాలినోస్పోరమైడ్-ఏ ను తీసి 2003లో ప్రకటించింది. ఇదీ ప్రోటియాజోమ్‌నే పట్టుకుంటుంది, ఆ పట్టే వేరు. చిన్న లాక్టోన్ వలయం విచ్చుకుని ఎంజైముకు అతుక్కుంటుంది. ఆ తరవాత అణువులోని క్లోరిన్ ఊడిపోయి, ఆ బంధం మళ్లీ విడిపోకుండా బిగుసుకుంటుంది. ఉప్పునీటిలోని మూలకం అణువులో చేరి తాళం గడియగా పనిచేసిందన్నమాట.

మరి ఈ చదువు మన దగ్గర ఎందుకు పెరగలేదు? 1961లో ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్, సోవియట్ సాయంతో రెండు పెద్ద మందుల కర్మాగారాలను కట్టింది. సూక్ష్మజీవులను పెంచి యాంటీబయాటిక్స్ తీసేది రిషీకేశ్‌కు వెళ్లింది, రసాయన సంశ్లేషణ కర్మాగారం హైదరాబాద్‌కు వచ్చింది. 1970 నాటి పేటెంట్ చట్టం మందుకు కాక తయారీ పద్ధతికే పేటెంటు ఇవ్వడంతో, కొత్త పద్ధతి కనిపెట్టగల రసాయన శాస్త్రవేత్తకు విలువ పెరిగింది. ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో సొంత సంస్థను స్థాపించారు. పటాన్‌చెరు చుట్టూ పరిశ్రమ ఇదే ఒరవడిలో విస్తరించింది. ఈ బలాన్ని తక్కువ చేసి చూడకూడదు. కైనేజ్ సంకేతాలను ఆపే కేన్సర్ మందు సొరాఫెనిబ్‌ను తయారు చేయడానికి హైదరాబాద్‌కు చెందిన నాట్కోకు 2012లో దేశంలోనే మొదటి తప్పనిసరి లైసెన్సు, అంటే పేటెంటుదారు సమ్మతి లేకుండానే తయారు చేసే అనుమతి, దక్కింది. నెలకు సుమారు 2.8 లక్షల రూపాయలయ్యే మందు 9 వేల లోపుకు దిగివచ్చింది. నకలు అని ఈసడించేవారు ఆ తేడాను రోగి ఇంట్లో నిలబడి చూడాలి. కానీ ఆ కీర్తి నిన్నటి అణువులది. రేపటి అణువులకు చదవడం కూడా రావాలి.

దీనికి కొన్ని అభ్యంతరాలు వస్తాయి. సాలినోస్పోరమైడే మెదడు కేన్సర్ మీద మూడో దశ పరీక్షలో రోగుల ఆయుష్షును పెంచలేకపోయింది కదా, సముద్రం మీద ఆశ పెట్టుకోవడం ఎందుకని ఒకటి. ఆ వైఫల్యం నిజం, దాన్ని దాచి వాదించడం తగదు. అయితే అక్కడ విఫలమైంది ఒక వ్యాధిలో ఒక మందు. ప్రోటియాజోమ్‌ను ఆపితే మైలోమా లొంగుతుందన్న జ్ఞానం చెక్కుచెదరలేదు. సముద్ర బాక్టీరియా నుంచి టన్నుల్లో సరుకు రాదన్నది రెండో అభ్యంతరం. సముద్ర జీవిలో దొరికిన కేన్సర్ మందు ట్రాబెక్టెడిన్‌ను ఇప్పుడు ఒక బాక్టీరియాను పులియబెట్టి తీసిన అణువుతో మొదలుపెట్టి, మిగతా మెట్లు రసాయన పద్ధతిలో పూర్తిచేస్తున్నారు. మొదటి మెట్టు సూక్ష్మజీవిది, తరవాతి మెట్లు మన రియాక్టర్లకు బాగా తెలిసిన పనే. సంగారెడ్డికి సముద్రం లేదన్న మాటకు జవాబు పెద్దదేమీ కాదు. బురద నమూనా సీసాలో ప్రయాణిస్తుంది, విశాఖ, కాకినాడ తీరాలు ఒక రాత్రి రైలు దూరం.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం ఈ నేలదే. ఉన్న పరిశ్రమే వాగులను పాడుచేసింది, కొత్తది ఇంకేం చేస్తుందో అని. 2007లో స్వీడన్‌కు చెందిన యోఆకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నట్టు ప్రకటించింది. చికిత్సలో ఉన్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. ఆ నీరు ఇసుకవాగు, నక్కవాగు మీదుగా మంజీరను చేరే దారిలో, మందులను తట్టుకునే జన్యువులు బాక్టీరియాలో పోగుపడ్డాయని తరవాతి పరిశోధనలు తేల్చాయి. సిప్రోఫ్లోక్సాసిన్ ప్రకృతి అణువు కాదు, మనిషి కూర్చినదే. అయినా పాఠం మారదు. చంపలేనంత తక్కువ మోతాదులో కూడా ఇలాంటి అణువు బాక్టీరియాలో ప్రమాద సంకేతాలను లేపుతుంది, జన్యువులను ఒకదాని నుంచి మరోదానికి మార్చుకునేలా పురికొల్పుతుంది. రోగి కణంలో మందుగా మాట్లాడేదే వాగులో మరో అర్థంతో మాట్లాడుతుంది. కాబట్టి ఈ అభ్యంతరం వాదనను కొట్టెయ్యదు, దానికే బలం చేకూరుస్తుంది. అణువు ఏం చెబుతుందో తెలియని పరిశ్రమకు తన కాలువలో ఏం వదులుతున్నదో కూడా తెలియదు.

2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒప్పంద దేశాల 11వ సదస్సు హైదరాబాద్‌లోనే జరిగింది. ఏ దేశపు జీవ సంపద నుంచి లాభం పుడితే ఆ దేశానికి వాటా దక్కాలన్న నగోయా సూత్రం అప్పటికే ఆమోదం పొందింది. వాటా అడగడం న్యాయమే. కానీ ఎపాక్సోమైసిన్ కథలో మట్టి యజమానికి, మట్టిని చదివినవాడికి మధ్య తేడాను తెచ్చింది ఒక ప్రశ్న: ‘ఇది కణంలో దేన్ని పట్టుకుంటోంది?’ తార్నాకలో రసాయన పరిశోధనకు ఐఐసీటీ, హబ్సిగూడలో కణశాస్త్రానికి సీసీఎంబీ ఉన్నాయి, గంట దూరంలో రియాక్టర్లున్నాయి. ఆ ప్రశ్నను తీరంలోనూ, ప్రయోగశాలలోనూ, వాగు ఒడ్డునా ఒకేలా అడగడం నేర్చుకుంటే, పెరటి మట్టి మాటను విదేశం నుంచి అనువాదంగా వినే అవసరం రాదు.