గ్రేడెడ్ నాణేల రీహోల్డరింగ్

రీహోల్డరింగ్ అంటే గ్రేడు పొందిన సేకరణ నాణేన్ని పాత ప్లాస్టిక్ పెట్టె నుంచి తీసి, గ్రేడు మార్చకుండా కొత్త పెట్టెలో మూసే సేవ. అమెరికాలో గ్రేడింగ్ సంస్థలైన పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో నాణేలను 1 నుంచి 70 వరకు ఉండే షెల్డన్ కొలమానంపై గ్రేడు చేసి, ‘స్లాబ్’ అనే గట్టి పెట్టెలో భద్రపరచడం మొదలుపెట్టాయి. ఆ పెట్టెలు గీతలు పడినా, పగిలినా మార్పిడి అవసరమవుతుంది.

ఒక్కో నాణేనికి సేవా రుసుము ఉంటుంది. ఆర్డరు నిర్వహణ రుసుము, రానుపోను తపాలా, బీమా దీనికి అదనం. అందువల్ల ఒకే నాణెం పంపినప్పుడు భారం ఎక్కువ; చవక నాణేనికి ఖర్చు దాని విలువనే మించవచ్చు. గ్రేడు పెంపు ఆశించేవారికి ఉన్న రీగ్రేడింగ్ వేరే సేవ.

అసలు ప్రమాదం పెట్టె తెరవడంలో ఉంది. స్లాబ్ రెండు సగాలూ అతికి ఉంటాయి కనుక బలవంతంగా విడదీయాలి. విరిగిన ముక్క తగిలితే ప్రూఫ్ నాణెపు అద్దంలాంటి ఉపరితలంపై చెరగని గీత పడుతుంది. వేలి తేమ రాగి నాణేలపై మచ్చలు తెస్తుంది. అందుకే నాణేన్ని అంచులతోనే పట్టుకోవాలి. యజమానే స్లాబ్ పగలగొడితే నాణేనికి గ్రేడు ధ్రువీకరణ పోతుంది, మళ్లీ పూర్తి గ్రేడింగ్ చేయించాలి.

కొన్ని నష్టాలు నాణేనివి కావు. పీసీజీఎస్ తొలితరం ‘రాట్లర్’ పెట్టెలకు సేకర్తలు విడిగా విలువ కడతారు. గ్రేడైన నాణేలను మళ్లీ పరిశీలించే, 2007లో మొదలైన సీఏసీ సంస్థ తన ఆమోద స్టిక్కరును పెట్టెపైనే అతికిస్తుంది. పెట్టె మారితే ఆ విలువా, ఆ స్టిక్కరూ పోతాయి.